గాజుతొట్టెలో పగడపు జీవులు: వెలుతురు, పోషణ
(మన సంఘ సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



మన వేదికపై సాధారణముగా పద్యము, పాఠశాల, పాఠ్యపుస్తకము అను విషయములే చర్చకు వచ్చుచుండును. నేడు చేపల తొట్టెను గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు కోరిరి. కారణము లేకపోలేదు. మన యిండ్లలోని యువకులు కొందఱు ఉప్పునీటి తొట్టెలు నెలకొల్పి, అందు పగడపు జీవులను పెంచుటకు పూనుకొనుచున్నారు. ఇది వ్యయముతో కూడిన పని. తెలియక చేసినచో ప్రాణిహింస. ఒక్కొక్కప్పుడు చట్టవిరుద్ధము కూడను. నేను కొన్ని సంవత్సరములుగా ఇట్టి తొట్టెను పెంచుచు, నష్టపడి నేర్చుకొన్నవాడను. ఆ అనుభవమునే మీ ముందుంచెదను.

పగడమనగానే మన స్త్రీల మంగళసూత్రము ప్రక్కన కూర్చు ఎఱ్ఱని పూస జ్ఞప్తికి వచ్చును. పేరుపొందిన ఆ ఎఱ్ఱ పగడము మధ్యధరా సముద్రపు మసక వెలుతురులో పెరుగునది. దానికి ఎండతో పనిలేదు. తొట్టెలో పెంచునవి వేఱు జాతులు. మా మనుమడు మొదటిసారి చూచి, "తాతయ్యా, ఇది చెట్టా? రాయా?" అని అడిగెను. రెండును కాదు, అది జంతువు. దాని దేహములో కంటికి కానరాని నాచుజాతి జీవులు కాపురముండును. అవి వెలుతురుతో ఆహారము సిద్ధపఱచి, అందు అధికభాగమును ఆశ్రయమిచ్చిన జంతువునకు ఒసగును. జంతువు విసర్జించునది నాచునకు ఎరువగును. కావున పగడపు జీవికి వెలుతురే ప్రధానమైన అన్నము. దీపము చాలనిచో అది పస్తుండును. మితిమీరినచో లోపలి నాచు విషమించి, జంతువు దానిని వెడలగొట్టి తెల్లబారును. తెల్లబారిన జీవి అప్పటికప్పుడు చావదు. ఆకలితో కొన్నాళ్లు వేచియుండును. ఆ వ్యవధిలో మనము తప్పు సవరించుకొనవలెను.

సముద్రములో ఎఱ్ఱని కాంతి కొలది మీటర్లలోనే నీటిలో ఇంకిపోవును. నీలికాంతి లోతునకు దిగును. అందుచేతనే పగడపు తొట్టెల దీపములలో నీలివర్ణము మిక్కుటముగా నుండును. మొక్కలకు ఉపయోగపడు కాంతిని 'పార్' అను కొలతతో లెక్కింతురు. ఉష్ణదేశమున మిట్టమధ్యాహ్నపు ఎండలో ఇది సుమారు 2000 ఉండును. తొట్టెలోని మెత్తని పగడములకు 50 నుండి 150 వఱకు చాలును. దీపము దినమునకు 8 నుండి 10 గంటలు వెలుగవలెను. రాత్రి చీకటి తప్పనిసరి. వేళ మాఱకుండ గడియారపు మీట అమర్చుట మేలు.

ఇచ్చటనే నేను పొరపడితిని. క్రొత్త ఎల్.ఇ.డి. దీపము తెచ్చిన దినముననే దానిని నిండు బలముతో వెలిగించితిని. వెలుగు ఎంత ఎక్కువైన అంత మంచిదని తలచితిని. వారము తిరుగకమున్నే తోలుపగడము ముడుచుకొనెను. పుట్టగొడుగు పగడములు వెలవెలబోయి కరగిపోయెను. తప్పు దీపముది కాదు, నాది. నారుమడినుండి తీసిన నారు క్రొత్త పొలమున తేరుకొనుటకు దినములు పట్టునని రైతుబిడ్డనైన నాకు తెలియనిదా? అది తొట్టె యెదుట తోచలేదు. నాటినుండి దీపమును మూడవవంతు బలముతో మొదలిడి, వారమునకు కొంచెము చొప్పున హెచ్చించుచున్నాను. క్రొత్త జీవిని మొదట అడుగున నీడపట్టున ఉంచి, తరువాత పైకి జరుపుచున్నాను. పగడము ముదురు గోధుమవన్నెకు తిరిగి, మెడ సాచినట్లు పొడుగైనచో వెలుతురు చాలలేదని గుర్తు. పాలిపోయి ముడుచుకొనినచో ఎక్కువైనదని గుర్తింపవలెను.

వెలుతురు తరువాత నీరు. వేడిమి 24 నుండి 27 డిగ్రీల వఱకు, ఉప్పు లీటరునకు సుమారు 35 గ్రాములు ఉండవలెను. మన యెండకాలములో గదిలోని నీరు 30 డిగ్రీలు దాటుట సులభము. నీటిపై పంకా గాలి పాఱించినచో కొంత చల్లబడును. కాని నీరు ఆవిరియగును. ఆవిరియగునది నీరే, ఉప్పు కాదు. కావున లోటును ఉప్పునీటితో గాక మంచినీటితోనే పూరింపవలెను. ఆ మంచినీరును కొళాయినీరు కారాదు. శుద్ధిచేసి లవణములు పూర్తిగా తీసినదై యుండవలెను. త్రాగునీటి యంత్రములు కొన్ని రుచికై లవణములను మరల కలుపును. అట్టి నీరు పనికిరాదు. చేపల రోగములకు వాడు రాగి మందులు పగడములకు విషము. విద్యుత్తు ఆగినపుడు మొదట ప్రమాదము దీపము లేకపోవుటవలన గాదు, నీటి కదలిక నిలిచి ప్రాణవాయువు తఱుగుటవలన. బ్యాటరీతో నడచు గాలి పంపు ఒకటి సిద్ధముగా నుంచుకొనుడు.

పగడములలో అస్థిపంజరము కట్టునవి నీటిలోని కాల్షియమును గ్రహించును. అది లీటరునకు 400 నుండి 450 మిల్లీగ్రాములు ఉండవలెను. దీనికి జర్మనీవారు ప్రచారమునకు తెచ్చిన సాధనము మనకు చిరపరిచితమైన సున్నపుతేటయే. లీటరు శుద్ధజలమునకు సుమారు ఒకటిన్నర గ్రాము స్వచ్ఛమైన సున్నము కలిపి, తేర్చి, పైతేటను రాత్రివేళ చుక్కలు చుక్కలుగా విడువవలెను. అది మిక్కిలి క్షారగుణము కలది. ఒక్కమాఱుగా పోసినచో తొట్టె యంతయు నశించును. తాంబూలపు సున్నము ఇందుకు వాడరాదు.

గృహస్థులకు ఒక హెచ్చరిక. గుండీపగడములని పిలుచు జాతులలో కొన్నిటియందు అతి తీవ్రమైన విషము కలదు. వానిని ముట్టునపుడు చేతికి తొడుగులు ధరింపుడు. అవి పెరిగిన రాళ్లను ఎన్నడును మరగించి శుభ్రపఱచరాదు. ఆ ఆవిరి పీల్చినవారు ఆసుపత్రుల పాలైన సందర్భములు కలవు.

ఇక ముఖ్యమైన మాట. తూత్తుకుడికిని రామేశ్వరమునకును నడుమ మన్నారు సింధుశాఖలో 21 దీవుల చుట్టును పగడపు దిబ్బలు కలవు. సున్నమునకును, కట్టడపు రాతికిని వానిని దశాబ్దములు త్రవ్విరి. రెండు దీవులు నీట మునిగినవి. 1986లో ఆ ప్రాంతము సముద్ర జాతీయోద్యానమైనది. 1998, 2010, 2016 సంవత్సరములలో నీరు వేడెక్కి అచ్చటి పగడములు తెల్లబారినవి. నా తొట్టెలో ఒక దీపము చేసిన పనినే అచ్చట సముద్రపు వేడిమి చేసినది. 2001లో రాతి పగడములన్నియు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి పట్టికలో చేర్చబడినవి. పులికిగల రక్షణయే వానికిని కలదు. కావున ఎవరైన "ఇది మన సముద్రపు పగడము, చవుక" అని చాటుగా తెచ్చినచో కొనకుడు. రామేశ్వరయాత్రలో జ్ఞాపికగా ఆ రాళ్లను ఏరి తెచ్చుకొనుటయు నేరమే. 2022 నాటి సవరణ ప్రకారము అంతర్జాతీయ ఒప్పందపు పట్టికలోని విదేశీ ప్రాణులను ఉంచుకొనువారు నమోదు చేయించుకొనవలెను. ఏది కొన్నను రసీదు అడుగుడు. తొట్టెలో పిలకలుగా పెంచిన మెత్తని పగడములతో ఆరంభించుట ఉత్తమము.

నాయనలారా, తొట్టె నెలకొల్పిన పిదప రెండు నెలలు ఓపిక పట్టి, నీటిని పరీక్షించి, తరువాతనే ప్రాణిని తెండు. మా తొట్టెలో మిగిలిన తోలుపగడపు ముక్క యొకటి, తెల్లబారి మరల కోలుకొని, ఇప్పుడు అరచేయంత విప్పారినది. దీపము వెలుగు వేళకు మా మనుమడు దాని యెదుట పీట వేసికొని కూర్చుండును. వాని కది చెట్టో రాయో యను సందేహము తీరినది.