నొప్పి నిజమే, తప్పు పన్నుదేనా?

(మన సంఘం వార్షికోత్సవ సభలో, ఖరగ్‌పూర్‌లో చేసిన ప్రసంగ పాఠం)



"మీరు డెంటల్ కోర్ మనిషి కదా, పళ్ల గురించి పావుగంట మాట్లాడండి" అన్నారు కార్యదర్శి గారు. ముందుగా ఒక మనవి. నేను డాక్టర్ని కాను. ఆర్మీ డెంటల్ కోర్‌లో ఆపరేటింగ్ రూమ్ అసిస్టెంటుగా చేసి, 2009లో హవల్దారుగా పెన్షన్ వచ్చినవాణ్ణి. 1941లో ఏర్పడిన ఆ కోర్ మూడు దళాల వాళ్ల పళ్లూ చూస్తుంది. కాబట్టి ఇక్కడ నేనెవరికీ పరాయివాణ్ణి కాను. డాక్టర్ సాబ్ పక్కన నిలబడి పనిముట్లు అందిస్తూ ఇరవై ఏళ్లకు పైగా గడిపాను. ఇంత చూసిన నా ఇంట్లోనే మూడు మంచి పళ్లు అన్యాయంగా పోయాయి. ఆ సంగతే చెప్తాను.

మా మామగారు ఇక్కడి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. వారి నాన్నగారు బి.ఎన్.ఆర్. రోజుల్లో శ్రీకాకుళం వైపు నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చారు. ఈ హాల్లో సగం మంది కథ అదే. నేను పెన్షన్ వచ్చాక మా ఆవిడ పుట్టి పెరిగిన ఊరని ఇక్కడే స్థిరపడ్డాం.

2011 ప్రాంతంలో ఆవిడకి ఒళ్లు నొప్పులు మొదలయ్యాయి. ఇవాళ భుజం, రేపు నడుము, ఎల్లుండి తొడలు. రాత్రంతా పడుకున్నా పొద్దున్న లేచేసరికి అలసటే. రక్త పరీక్షలన్నీ బాగానే ఉన్నాయన్నారు. తర్వాత కింది దవడ పన్ను సలపడం మొదలుపెట్టింది. ఒక క్లినిక్‌కి వెళ్తే పీకేయమన్నారు, పీకించాం. నెల తిరక్కుండా పక్క పన్ను. అదీ పీకించాం. ఆ తర్వాత పైవరసలో ఒకటి. మూడోది పోయిన వారానికి ఆవిడ అన్న మాట నాకిప్పటికీ గుర్తుంది. "ఏమండీ, పన్ను పోయింది గానీ నొప్పి మాత్రం అక్కడే కూర్చుంది."

దానికి నేనేమన్నానో తెలుసా? "నీకు ఊరికే అలా అనిపిస్తోంది" అన్నాను. యూనిఫారంలో మనం నేర్చుకున్నది నొప్పిని బయటికి చెప్పకపోవడం. ఆ అలవాటునే ఇంట్లో వాళ్ల మీద రుద్దాను. అది నా తప్పు. ఇవాళ అందరి ముందూ ఒప్పుకుంటున్నాను.

2016లో కోల్‌కతాలో కీళ్ల వ్యాధుల డాక్టరు గారు చూసి ఫైబ్రోమయాల్జియా అన్నారు. నూటికి ఇద్దరు నుంచి నలుగురి దాకా ఉండే జబ్బు ఇది. ఆడవాళ్లలో ఎక్కువ. అలాగని మగవాళ్లకు రాదనుకోకండి, మనం చెప్పుకోం, అంతే. ఎక్స్‌రేలో కనపడదు, రక్తంలో దొరకదు. పూర్వం 1990 నాటి అమెరికన్ పద్ధతి ప్రకారం ఒంటిమీద 18 చోట్ల నొక్కి, 11 చోట్ల నొప్పి ఉంటే ఈ జబ్బు అనేవారు. 2010లో పద్ధతి మారింది. నొప్పి ఎక్కడెక్కడ ఉందో 19 భాగాల జాబితా పెట్టి అడుగుతారు. ఆ 19లో కుడి దవడ, ఎడమ దవడ రెండూ ఉన్నాయి! అది విని నేను తెల్లబోయాను. ఆవిడ పళ్ల నొప్పికీ ఒంటి నొప్పులకూ సంబంధం ఉండొచ్చని ఒక్కనాడు కూడా అనుకోలేదు.

మరి బాగున్న పన్ను ఎందుకు నొప్పెడుతుంది? సిగ్నల్ డిపార్ట్‌మెంటులో చేసిన మా బావమరిది చెప్పిన పోలికే నాకు బాగా అర్థమైంది. పట్టాల్లో కొద్దిపాటి కరెంటు నడుస్తూ ఉంటుంది. బండి వచ్చిందంటే రిలే పడి సిగ్నలు ఎర్రగా అవుతుంది. కానీ పట్టాల మధ్య వాన నీళ్లు నిలిచినా, ఎక్కడో తీగ తెగినా, బండి లేకుండానే ఎర్ర లైటు వెలుగుతుంది. "బావా, ఆ ఎరుపు అబద్ధం కాదు. డ్రైవరు నిజంగానే బండి ఆపాలి. కానీ లైను మీద బండి లేదు" అన్నాడు. ఫైబ్రోమయాల్జియాలో మెదడు, వెన్నుపాము నొప్పి కబుర్లను అవసరానికి మించి పెద్దవి చేస్తాయి. నొప్పి నూటికి నూరుపాళ్లూ నిజం. పన్ను మాత్రం నిర్దోషి కావచ్చు.

ఇంకో కారణం నమిలే కండరం. పళ్లు గట్టిగా బిగిస్తే చెంప మీద ఉబ్బేది అదే. ఈ జబ్బు ఉన్నవాళ్లలో దవడ కీలు, కండరాల బాధలు మామూలు వాళ్లకంటే ఎక్కువ. దవడ కండరాలకూ పళ్లకూ చిగుళ్లకూ కబురు మోసే నరం ఒక్కటే. అందుకే కండరం నొప్పి దవడ పన్నులో ఉన్నట్టు తోస్తుంది. చెంప మీద ఆ కండరాన్ని వేలితో నొక్కినప్పుడు సరిగ్గా ఆ పన్ను నొప్పే తిరిగొస్తే అనుమానం కండరం మీదికి వెళ్లాలి.

ఇక మీరు ఇంటికి తీసుకెళ్లాల్సిన సంగతులు.

మొదటిది. ఒంటి నొప్పుల జబ్బు సంగతి, వేసుకునే మందుల సంగతి పళ్ల డాక్టరుకి ముందే చెప్పండి. మేం చెప్పలేదు. పీకమని అడగడానికి ముందు, ఏ పన్నని తేల్చారో అడగండి. తట్టి చూడటం, చల్లదనం తగిలించి చూడటం, ఎక్స్‌రే ఉన్నాయి. మత్తు సూది పరీక్ష కూడా ఉంది. పన్ను పూర్తిగా మొద్దుబారినా నొప్పి తగ్గలేదంటే చాలావరకు దాని మూలం వేరే చోట ఉన్నట్టే. తేలకపోతే ఆగండి, మరొకరికి చూపించండి. మన దేశంలో మొదటి డెంటల్ కాలేజీ 1920లో మొదలైంది కోల్‌కతాలోనే. ఇప్పుడది డాక్టర్ ఆర్. అహ్మద్ పేరు మీద ఉంది. హౌరా వెళ్లే లోకల్ ఎక్కితే చేరేంత దూరం. పీకిన పన్ను మళ్లీ రాదు.

రెండోది. దీన్ని తిరగేసి తప్పు చెయ్యకండి. ప్రతి పంటి నొప్పినీ ఫైబ్రోమయాల్జియా ఖాతాలో వెయ్యకూడదు. ముఖం వాచినా, చీము వచ్చినా, జ్వరం ఉన్నా, ఒకే పన్ను మీద కొరికితే ప్రాణం పోయినట్టున్నా ఆ రోజే వెళ్లాలి. చిగుళ్ల నుంచి రక్తం రావడం ఈ జబ్బు లక్షణం కాదు. అది చిగుళ్ల వ్యాధి, షుగరు కూడా చూపించుకోండి. ఖైనీ, గుట్కా సంగతి నేను చెప్పక్కర్లేదు, మీకే తెలుసు.

మూడోది. ఈ జబ్బుకి ఇచ్చే అమిట్రిప్టిలిన్, డ్యులోక్సెటిన్ వంటి మందులు నోరు ఎండబెడతాయి. లాలాజలం తగ్గితే పళ్లు త్వరగా పిప్పి పడతాయి. అలాగని మీ అంతట మీరు మందు ఆపకండి. నీళ్లు తరచుగా గుక్కెడు తాగండి, ఫ్లోరైడ్ పేస్టు వాడండి, డాక్టరుకి చెప్పండి. నొప్పని బ్రష్ మానేసే వాళ్లున్నారు. మెత్తటి బ్రష్, గోరువెచ్చని నీళ్లతో తోముకోవచ్చు.

నాలుగోది. పెదాలు మూసి ఉన్నా పళ్లు ఒకదానికొకటి తగలకూడదు. తినేటప్పుడు తప్ప పళ్లకు పని లేదు. రాత్రి పళ్లు కొరికే వాళ్లకు నైట్ గార్డు చేసిస్తారు. ఒంటి నొప్పికి అన్నిటికంటే గట్టిగా సిఫారసు చేసేది వ్యాయామమే. పరేడ్ కాదు, నెమ్మదిగా మొదలుపెట్టి పెంచుకునే నడక.

ఐదోది, నా వయసు వాళ్లకి. నడిచేటప్పుడు కింది దవడ నొప్పి వచ్చి, చెమటలు పట్టి, గుండె బరువెక్కితే పళ్ల డాక్టరు దగ్గరికి కాదు, వెంటనే గుండె చూపించుకోవడానికి పరుగెత్తాలి.

మా ఆవిడకి జబ్బు పోలేదు. కానీ 2016 తర్వాత ఒక్క పన్నూ పోలేదు. నైట్ గార్డు పెట్టుకుంటుంది, సాయంత్రం నాతో నడుస్తుంది. పన్ను సలిపినప్పుడు నాకు చెప్తుంది. నేను ఇప్పుడు "ఎక్కడ?" అని అడుగుతాను. "ఊరికే అనిపిస్తోంది" అనను.

మీ ఇంట్లో ఎవరైనా నొప్పి అంటే ముందు నమ్మండి. తర్వాత మూలం వెతికించండి. పటకారు ఆఖర్న.

 జై హింద్.