కాపాడుకొనదగిన శేషము



అగ్నిశేషమును, ఋణశేషమును, శత్రుశేషమును మిగుల్పరాదని నీతికోవిదులు చెప్పుదురు. నేడు మేము కాపాడుకొనదగిన యొక శేషమును గూర్చి విన్నవింప బూనితిమి. అది చెడిన మూత్రపిండములలో మిగిలియున్న శక్తి.

ఈ రోగులలో పెక్కుమంది వారమునకు రెండు మూడు మాఱులు పట్టణమునకు బోయి యంత్రముచే రక్తశుద్ధి చేయించుకొనుచున్నారు. కొందఱు మాత్రము ఇంటనే గొట్టముద్వారా కడుపులోనికి రెండేసి లీటర్ల ద్రవము నింపి, కొన్ని గంటలకు దీసివేయుచుందురు. కడుపులోని పలుచని పొరయే జల్లెడవలె బనిచేయును. 1976లో అమెరికాలో పోపోవిచ్, మాన్‌క్రీఫ్ అనువారు ఈ పద్ధతిని బ్రకటించిరి. నల్లమాడవంటి పల్లెలవారికి ఇది యనుకూలము; చేతుల శుభ్రత మాత్రము తప్పరాదు.

అయితే చికిత్స మొదలిడినంతనే, “కిడ్నీలు పోయినవి, ఇక మూత్రముతో బనియేమి?” అని మనవారు తలంచుచున్నారు. ఇది సరికాదు. కెనడా, అమెరికా రోగుల లెక్కలను 2001లో మరల బరిశీలింపగా, దినమునకు మూత్రము 250 మిల్లీలీటర్లు హెచ్చిన కొలదిని మరణభయము 36 శాతము తక్కువగా గనబడెను. ఒక గ్లాసెడు మూత్రమునకెంత విలువ! ద్రవముచే జరుగు శుద్ధికి అట్టి సంబంధము కానరాలేదు. మెక్సికోలో 965 మంది రోగులపై జరిగి 2002లో వెలువడిన పరిశోధనయందు, ద్రవశుద్ధిని బెంచినను ఆయువు పెరుగలేదు. మూత్రమే ఆయువు నిచ్చెనని మేము నిష్కర్షింపము. రోగము తేలికగా నున్నవారికే అది మిగులునేమో. అయినను మిగిలిన శక్తి ఉప్పును, నీటిని, ద్రవమునకు లొంగని కొన్ని పెద్ద మలినములను గూడ వెడలించును గావున ఉపేక్షింపరాదు.

దానిని చెఱచునవి మన యంగళ్లలోనే యున్నవి. వేరుసెనగ చేలలో నడుము వంచి పనిచేసినవారు నొప్పికి డైక్లోఫెనాక్ బిళ్ల కొని మ్రింగుదురు. వైద్యుని యడుగక అది మ్రింగరాదు. జెంటామైసిన్ వంటి సూదిమందులు, స్కానింగునకై యెక్కించు రంగుమందు, వాంతివిరేచనములచే నొడలి నీరు తగ్గుట, ఇవియు హానికరములే. సూది వేయువానితో “నాకు డయాలసిస్ జరుగుచున్నది, మూత్రము వచ్చుచున్నది” అని ముందే చెప్పవలెను. స్త్రీలు సిగ్గుచే ఈ రెండవ మాట చెప్పకుందురు, ఇంటివారైన జెప్పవలెను.

ఒక దినము, ఒక రాత్రి వచ్చిన మూత్రమునంతయు బట్టి కొలిచి, రెండు మూడు నెలల కొకసారి పరీక్షింపించిన మిగిలిన శక్తి యెంతయో తెలియును. సంఘనిధినుండి రోగుల కిచ్చు సాయములో ఒక కొలపాత్రను, ఈ పరీక్షవ్యయమును జేర్పవలెనని కార్యవర్గమువారిని బ్రార్థించుచున్నాము.