బండి మనది, బాధ్యత ఎవరిది?

(సుబేదారిలో జరిగిన మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వినియోగదారుల హక్కులంటే తూకంలో మోసం, పాలల్లో నీళ్లు, రేషను షాపు, గ్యాసు బండ. ఇంతవరకే మనం ఎక్కువగా మాట్లాడుకుంటూ వచ్చాం. ఈసారి బండ్ల గురించి, వాటిలో ఉండే లోపాల గురించి మాట్లాడదామంటే కొందరు మిత్రులు “కార్లున్నవాళ్ల గొడవ మనకెందుకు?” అన్నారు. న్యాయమైన ప్రశ్నే. దానికి ముందు జవాబు చెప్పుకుందాం.

పొద్దున తొమ్మిదింటికి ఈ సుబేదారి రోడ్డు మీద నిలబడి చూడండి. స్కూటీ మీద బడికి పోయే టీచరమ్మ, డ్యూటీకి పోయే నర్సు, ఆర్ట్స్ కాలేజీకి పోయే అమ్మాయి, మోటారు సైకిలు వెనక పసిపిల్లను ఒళ్లో పెట్టుకుని ఒక పక్కకు కూర్చున్న తల్లి. వీళ్లంతా ఉన్నవాళ్లా? సంఘంలో తీసుకున్న అప్పుతోనో, ఫైనాన్సు వాయిదాలతోనో కొన్న బండ్లవి. బస్సు కోసం, భర్త కోసం, తమ్ముడి కోసం ఎదురు చూడకుండా స్త్రీ తన పనికి తాను పోగలుగుతున్నదంటే ఆ బండి వల్లనే. అది లోపంతో వస్తే పోయేది డబ్బు ఒక్కటే కాదు. ఆ కాస్త స్వేచ్ఛా పోతుంది. ఒక్కోసారి ప్రాణమూ పోతుంది.

బండి కొనేటప్పుడు షోరూంలో మనకు జరిగే మర్యాద వేరు, ఫిర్యాదుతో పోయినప్పుడు జరిగే మర్యాద వేరు. బ్రేకు సరిగా పడటం లేదని ఒక స్త్రీ చెబితే మొదటి జవాబు “మేడమ్, మీకు నడపడం అలవాటు కాలేదు” అని. రెండోసారి పోతే “సారును పంపించండి, ఆయనకు చెబుతాం” అంటారు. మూడోసారి పోతే “ఇది కంపెనీ చూసుకోవాలి, మా చేతుల్లో లేదు”. కంపెనీకి ఫోను చేస్తే మళ్లీ డీలరు దగ్గరికే పొమ్మంటారు. ఇట్లా తిరుగుతుండగానే వారంటీ గడువు దాటిపోతుంది. వస్తువులోని లోపాన్ని మనిషిలోని లోపంగా, అందులోనూ ఆడమనిషిలోని లోపంగా మార్చే విద్య ఇది. ఇంట్లో, ఆఫీసులో, పోలీసు స్టేషన్లో మనకు బాగా తెలిసిన విద్యే.

ఇప్పుడు బండి తయారీలోనే స్త్రీని ఎట్లా మరిచిపోతారో చూద్దాం. కేంద్ర మోటారు వాహనాల నియమాలు 1989లో వచ్చాయి. వాటిలో 123వ నియమం ఏం చెబుతుందంటే, ప్రతి మోటారు సైకిలుకూ వెనక కూర్చునేవారికి పట్టుకోవడానికి పిడి, కాళ్లు పెట్టుకోవడానికి ఆనుడు, బట్టలు చక్రంలో చిక్కుకోకుండా వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే రక్షణ ఉండాలి. మనం చీర గార్డు అంటామే, అదే. చీర కొంగు, చున్నీ చక్రంలో పడి మెడకు బిగుసుకున్న ప్రమాదాల గురించి మీరంతా విన్నవారే. అయినా చీర గార్డును అదనపు సామాను కింద లెక్కగట్టి డబ్బు అడిగే చోట్లున్నాయి. అది సోకు కోసం కాదు, చట్టం చెప్పిన రక్షణ. అట్లాగే 138వ నియమం ప్రకారం ద్విచక్ర వాహనం కొన్నప్పుడు ప్రమాణాలకు తగిన హెల్మెట్ ఇచ్చే బాధ్యత తయారీదారుదే. మీలో ఎంతమందికి అడగకుండానే ఇచ్చారో ఒకసారి గుర్తు తెచ్చుకోండి.

కార్ల సంగతీ అంతే. ప్రమాదంలో మనిషికి ఏమవుతుందో చూడటానికి కార్లలో బొమ్మలను కూర్చోబెట్టి గుద్దించి పరీక్షిస్తారు. దశాబ్దాలుగా ప్రపంచమంతటా ఎక్కువగా వాడిన బొమ్మ దాదాపు 175 సెంటీమీటర్ల ఎత్తు, 78 కిలోల బరువున్న మగవాడిది. స్త్రీ బొమ్మ అని వాడింది ఆ మగ బొమ్మనే చిన్నగా చేసినది. సగటు స్త్రీ శరీరాన్ని ఆధారం చేసుకుని తయారైన బొమ్మను స్వీడన్ పరిశోధకులు 2022లో చూపించారు. ఈ నిర్లక్ష్యం ఫలితం ఏమిటి? అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయం వారు 2011లో ప్రచురించిన అధ్యయనంలో, సీటు బెల్టు పెట్టుకున్న స్త్రీ డ్రైవర్లకు అటువంటి ప్రమాదంలోనే మగవారికన్నా తీవ్ర గాయాలయ్యే అవకాశం 47 శాతం ఎక్కువని తేలింది. సీటును, బెల్టును, ఎయిర్ బ్యాగును ఎవరి శరీరానికి కొలత తీసి చేశారన్నది అందుకే స్త్రీల హక్కుల ప్రశ్న అవుతుంది.

మన తెలుగు నేల మీద జరిగిన సంగతులకు వద్దాం. 2022 ఏప్రిల్ నెల గుర్తుందా? నిజామాబాదులో ఇంట్లో ఛార్జింగు పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటరు బ్యాటరీ పేలి ఎనభై ఏళ్ల ముసలాయన చనిపోయాడు. అది ప్యూర్ ఈవీ కంపెనీ బండి. వెంటనే ఆ కంపెనీ రెండు మోడళ్లకు చెందిన 2,000 స్కూటర్లను వెనక్కి పిలుస్తున్నామని ప్రకటించింది. అది జరిగిన కొద్ది రోజులకే, ఏప్రిల్ 23 తెల్లవారుజామున, విజయవాడలో బూమ్ మోటార్స్ స్కూటరు బ్యాటరీ పడకగదిలో ఛార్జింగులో ఉండగా పేలింది. బండి కొన్నది ముందురోజే. భర్త చనిపోయాడు, భార్య కాలిన గాయాల పాలైంది. ఆ తర్వాత కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఈ రెండు కంపెనీలకూ నోటీసులిచ్చింది. బ్యాటరీల భద్రతకు కఠినమైన ప్రమాణాలను ప్రభుత్వం 2022 డిసెంబరు 1 నుంచి అమలులో పెట్టింది. అంటే మనుషులు చచ్చిన తర్వాత నియమం వచ్చింది.

నియమం వచ్చినా సర్వీసు సంగతి అట్లాగే ఉంది. 2024 ఆగస్టు వరకు ఒక్క సంవత్సరంలోనే ఓలా ఎలక్ట్రిక్ మీద జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైనుకు 10,644 ఫిర్యాదులు వచ్చాయి. అదే ప్రాధికార సంస్థ 2024 అక్టోబరులో ఆ కంపెనీకి సంజాయిషీ నోటీసు ఇచ్చింది. ఫిర్యాదుల్లో దాదాపు అన్నీ పరిష్కరించామని కంపెనీ చెప్పుకుంది. సెప్టెంబరులో కర్ణాటకలోని కలబురగిలో, తన బండి బాగుచేయడం లేదన్న కోపంతో ఒకాయన ఆ కంపెనీ షోరూంకే నిప్పు పెట్టాడు. అది తప్పు దారి, సందేహం లేదు. కానీ వినేవాడు లేనప్పుడు కోపం ఎక్కడికి పోతుందో అది చూపిస్తుంది. మనం నిప్పు పెట్టనక్కర లేదు. కాగితం పెడదాం. చట్టంలో మనకు ఏముందో చూద్దాం.

అమెరికాలో రాల్ఫ్ నేడర్ లాంటివారి ఉద్యమం వల్ల వాహనాల భద్రతకు 1966లోనే చట్టం వచ్చింది. మన దేశంలో 2012 నుంచి కంపెనీలు తమంతట తాము లోపమున్న బండ్లను వెనక్కి పిలిచే పద్ధతి మొదలైంది. ప్రభుత్వమే వెనక్కి పిలవమని ఆజ్ఞాపించే అధికారం మోటారు వాహనాల చట్టంలో 110ఏ సెక్షనుగా 2019లో చేరి, 2021 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. దీని ప్రకారం కంపెనీ బండి ధర పూర్తిగా తిరిగి ఇవ్వాలి, లేదా అంతకు తగ్గని వేరే బండి ఇవ్వాలి, లేదా బాగుచేసి ఇవ్వాలి.

ఇక వినియోగదారుల రక్షణ చట్టం. 1986 నాటి చట్టం స్థానంలో 2019 చట్టం 2020 జూలైలో అమలులోకి వచ్చింది. మన పనికి వచ్చే అంశాలు ఇవి.

ఒకటి, బండి భర్త పేరు మీద ఉన్నా అతని సమ్మతితో వాడుకుంటున్న భార్య కూడా చట్టం దృష్టిలో వినియోగదారే. “సారును పంపించండి” అన్నవాడికి ఇదే జవాబు. వినియోగదారు చనిపోతే వారసులు ఫిర్యాదు చేయవచ్చు.

రెండు, బతుకుదెరువు కోసం సొంతంగా నడుపుకునే ఆటోను వ్యాపారం కింద లెక్కగట్టి తోసేయడానికి లేదు. ఆటో నడిపే చెల్లెళ్లకు ఈ మాట తప్పక చెప్పండి.

మూడు, కంపెనీ ఎక్కడ ఉన్నా మనం ఉండే చోట, పనిచేసే చోట ఫిర్యాదు వేయవచ్చు. హైదరాబాదుకో చెన్నైకో తిరగనక్కర లేదు. చెల్లించిన ధర 50 లక్షల వరకు జిల్లా కమిషన్ వింటుంది. 5 లక్షల వరకు ఫీజే లేదు. గడువు మాత్రం రెండేళ్లు.

నాలుగు, తయారీలో గాని నమూనాలో గాని లోపం ఉన్నా, వాడే పద్ధతి సరిగా చెప్పకపోయినా, దానివల్ల హాని జరిగితే తయారీదారు బాధ్యత వహించాలి. బండిని సరిగా తనిఖీ చేయకుండా ఇచ్చినా, కంపెనీ చెప్పిన హెచ్చరికను మనకు చేరవేయకపోయినా డీలరుకూ బాధ్యత ఉంటుంది.

ఐదు, గుర్తింపు ఉన్న స్వచ్ఛంద వినియోగదారుల సంఘం కూడా ఫిర్యాదుదారు కావచ్చు. ఒకే రకం నష్టం పొందినవారు కమిషన్ అనుమతితో అందరి తరఫున ఒకే ఫిర్యాదు వేయవచ్చు.

సుప్రీంకోర్టు తీర్పులు రెండు తెలుసుకోవాలి. ఢిల్లీకి చెందిన ఒకాయన 2015లో కొన్న హ్యుండాయ్ క్రెటా 2017లో ప్రమాదానికి గురైతే ఎయిర్ బ్యాగులు తెరుచుకోలేదు. దెబ్బ తగినంత బలంగా తగలలేదని కంపెనీ వాదన. వేగం, బలం లెక్కలు కట్టడానికి వినియోగదారు భౌతికశాస్త్ర నిపుణుడు కానక్కర లేదని కోర్టు 2022 ఏప్రిల్‌లో తేల్చింది. నష్టపరిహారం, కొత్త బండి ఇవ్వాలన్న ఉత్తర్వును నిలబెట్టింది. రెండోది 2021లో గోవా నుంచి వచ్చిన టాటా మోటార్స్ కేసు. 2009 మోడలు కారును డీలరు 2011 మోడలని అమ్మితే, తయారీదారు ప్రమేయం రుజువు కానందున అతనికి బాధ్యత లేదని కోర్టు అన్నది. అందుచేత డీలరును, కంపెనీని ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చాలి. ఎవరి తప్పు ఏదో కాగితాలతో చూపించాలి.

కాగితాలు అన్నాను కదా. నోటి మాటకు విలువ లేదు. బండి సర్వీసుకు ఇచ్చిన ప్రతిసారీ జాబ్ కార్డు మీద మన ఫిర్యాదు మన మాటల్లో రాయించుకోవాలి. ‘బాగైంది’ అని రాసిన చోట నడిపి చూడకుండా సంతకం పెట్టవద్దు. పాడైన భాగాన్ని, బ్యాటరీని రసీదు లేకుండా తీసుకుపోనివ్వవద్దు, రేపు పరీక్షకు అదే సాక్ష్యం. తర్వాత 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాలి. స్పీడ్ పోస్టులో నోటీసు ఇవ్వాలి. అప్పటికీ కదలకపోతే కమిషన్. లోపం మామూలుగా చూస్తే తెలియనిదైతే ప్రయోగశాల పరీక్షకు పంపమని అడగవచ్చు.

ఇదంతా సులభమని నేను చెప్పడం లేదు. చట్టం మూడు నెలల్లో, పరీక్ష అవసరమైతే అయిదు నెలల్లో తేల్చమంటుంది. వాయిదాలు మాత్రం అంతకు మించి నడుస్తాయి. కంపెనీకి వకీళ్లుంటారు, మనకు పని మానుకుని వచ్చిన రోజు కూలీ పోతుంది. ఒంటరి స్త్రీ రెండో వాయిదాకే విసిగి ఊరుకుంటుందని వాళ్లకు తెలుసు. వాళ్ల ధైర్యమంతా అదే.

అందుకే ఇది సంఘాల పని కావాలి. గృహహింస కేసులో బాధితురాలి వెంట పోలీసు స్టేషనుకు పోతాం, అదాలత్‌కు పోతాం. షోరూంకు కూడా అట్లాగే ఇద్దరం తోడు పోదాం. ప్రతి సంఘంలో ఒక రిజిస్టరు పెట్టి ఏ బండి, ఏ మోడలు, ఏ లోపం, ఎప్పుడు చెప్పారు, ఏం జవాబిచ్చారు అన్నది రాసి పెడదాం. ఒకే మోడలులో ఒకే లోపం పది పేర్లతో కనిపించిన రోజున “నడపడం రాదు” అనే మాట ఎవరి నోటా రాదు. పది మందికీ ఒకేసారి నడపడం రాకుండా పోదు కదా.

వచ్చే సమావేశానికి మీ మీ వాడల్లో కనీసం బండ్లకు చీర గార్డులు ఉన్నాయా లేవా, హెల్మెట్లు ఇచ్చారా లేదా చూసి రాసుకుని రండి. అక్కడి నుంచే పని మొదలుపెడదాం.