తాళం చేతబట్టిన మాస్టారు



కూచిపూడి నాట్యగురువు వెంపటి చినసత్యం గారిని తలచుకునే ఈ వేళ, ముందు ఒక జడ గురించి చెప్పాలి. భామాకలాపం ఆడే రాత్రి ఇద్దరు మనుషులు తెర పట్టుకుని నిలబడతారు. ఆ తెర మీదుగా పొడవాటి జడ ఇవతలికి పడుతుంది. మనిషి ఇంకా కనపడదు. అయినా సత్యభామ వచ్చేసిందని జనానికి అర్థమైపోతుంది. ఒకప్పుడు ఆ వేషం కట్టేది మగవాడేనన్న సంగతీ అందరికీ తెలుసు. కూచిపూడి మేళాల్లో అప్పట్లో ఆడవాళ్లకు చోటు ఉండేది కాదు.

ఆ మేళాల ఊరైన కూచిపూడిలో 1929లో మాస్టారు పుట్టారు. తాడేపల్లి పేరయ్యశాస్త్రి, వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి గార్ల దగ్గర విద్య నేర్చుకున్నారు. ఆడపిల్లలకు కూచిపూడి నేర్పడానికి ముందుకు వచ్చిన పెద్దల్లో లక్ష్మీనారాయణశాస్త్రి గారు ముఖ్యులు. అన్న వరసైన వెంపటి పెదసత్యం గారు సినిమాల్లో నృత్య దర్శకులు. ఆయన అండతో పడుచు వయసులోనే మద్రాసు చేరిన చినసత్యం గారు, సినిమా పనీ చూశారు. కానీ మనసు మాత్రం పాఠం చెప్పడం మీదే నిలిచింది. అలా 1963లో ఆయన చేతుల మీద కూచిపూడి ఆర్ట్ అకాడమీ వెలిసింది.

అక్కడ ఆయన చేసిన పెద్ద పని అడుగును శుభ్రం చేయడం. మోకాళ్లు వంచి నిలిచే అరమండి ఎంత లోతుండాలి, చెయ్యి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలి, ఒకే అడుగు మూడు కాలాల్లోనూ పొంకం చెడకుండా ఎలా నిలవాలి అన్నదానికి ఒక వరస ఏర్పరచారు. ఇంట్లో తండ్రిని చూసి కొడుకు పట్టుకునే విద్య, ఏ ఇంటి పిల్లయినా నేర్చుకోగల పాఠమైంది.

ఆ పాఠం మీదే నృత్యనాటకాలు నిలిచాయి. భుజంగరాయశర్మ గారి సాహిత్యం, పట్రాయని సంగీతరావు గారి సంగీతం, మాస్టారి కూర్పు కలిసి వాటిలో కొన్ని రూపుకట్టాయి. శ్రీనివాస కల్యాణంలో శోభా నాయుడు పద్మావతి, మంజుభార్గవి శ్రీనివాసుడు. మగవాడు సత్యభామగా ఒదిగిన సంప్రదాయంలోనే ఒక ఆడపిల్ల వేంకటేశ్వరుడై నిలబడింది! ఇంత పెద్ద మలుపును ఆయన వాదించి సాధించలేదు, నేర్పి సాధించారు.

దీనికి ఒక వెల కూడా ఉంది. ఊరి భాగవతుడు ఆడుతూనే పాడేవాడు, మాట్లాడేవాడు. మద్రాసు వేదిక మీద ఆ గొంతు చాలావరకు పక్కన కూర్చున్న గాయకులకు వెళ్లింది. వాచికం తగ్గిందని నొచ్చుకున్న పెద్దల బాధ నిజమైనదే. రాత్రంతా సాగే ఆటను రెండు మూడు గంటల సభకు కుదించినప్పుడు, తెలుగు రాని ప్రేక్షకుడి ముందుకు తెచ్చినప్పుడు, ఆయన దేహానికే ఎక్కువ మాటలు అప్పగించారు. ఆ నిర్ణయం వల్లే కూచిపూడి దేశదేశాలకు చేరిందని నా నమ్మకం.

1998లో పద్మభూషణ్ వచ్చింది. 2012 జూలై 29న మాస్టారు వెళ్లిపోయారు.

ఆయన పేరు చెప్పుకుని పాఠం చెబుతున్న గురువులు ఈ సభలో ఉన్నారు. మీకు నాదొక మనవి. పిల్లల అడుగు ఆయన దిద్దినంత శ్రద్ధగా దిద్దండి. దానితో పాటు భామ దరువు ఒకటి నోరారా పాడించండి, నాలుగు మాటలు పలికించండి. ఆయన ఆడపిల్లకు వేదిక ఇచ్చారు. ఆ వేదిక మీద ఆమెకు గొంతు తిరిగి ఇవ్వడం మన వంతు.