కీర్తిమందిరపు తగవు

అమెరికాలోని కూపర్స్‌టౌన్‌లో బేస్‌బాల్ క్రీడాకారుల కీర్తిమందిరము కలదు. పత్రికారచయితల ఓట్లలో నూటికి 75 వచ్చినవారికి అందు స్థానము లభించును. 1936 నాటి తొలి ఎన్నికలో బేబ్ రూత్ మొదలగు అయిదుగురు నెగ్గిరి. నాటినుండి నేటివరకు అర్హులెవరు, కానివారెవరు అను తగవు తెగలేదు. ఆటను ప్రేమించు మావంటి అభిమానులకు ఈ వాదము విసుగు పుట్టించుచున్నది.

2025లో జపాను దేశీయుడు ఇచిరో సుజుకికి 394 ఓట్లలో 393 వచ్చెను. 2004లో 262 హిట్లు కొట్టి, 84 ఏండ్లనాటి రికార్డును దాటిన దిట్ట ఆయన. అట్టివాని ఆటను విడిచి, రాని ఆ ఒక్క ఓటు ఎవరిదని జనులు ఆరా తీసిరి. ఆటగాండ్రను స్మరించుటకు ఏర్పడిన ఎన్నికలో స్మరణ పోయి లెక్కలే మిగిలినవి. రాబోవు ఎన్నికవేళ మేము వాదమునకు దిగము. ఇచిరో ఆడిన పాత ఆటలను మరల చూచెదము.