ఆసుపత్రి ఎంత దూరము?



వైద్య సేవను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని శతజయంతి కమిటీవారు మమ్ములను కోరినారు. మన ఆసుపత్రుల ఘనతను వర్ణింతుమని మీరు అనుకొనుచుండవచ్చును. దానికి ఈ సభలలో వేరే ప్రసంగములున్నవి. మేము చెప్పబోవునది దూరమును గూర్చి.

శ్రీకాకుళం జిల్లాలో ఉద్దానమను ప్రాంతమున్నది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు - ఎటు చూచినను కొబ్బరి తోటలు, జీడి తోటలు. ఆ చల్లని తోటల నడుమ ఏండ్ల తరబడి మూత్రపిండముల వ్యాధి మనుష్యులను తినివేయుచున్నది. మధుమేహముగాని రక్తపుపోటుగాని లేనివారికి సైతము అది వచ్చుచున్నది. పరిశోధకులు ఎందరో వచ్చి నీరు, మన్ను పరీక్షించినారు. కారణము ఇదియేనని రూఢిగా తేలలేదు.

వ్యాధి ముదిరినవారికి డయాలసిస్ కావలెను. వారమునకు రెండు మూడు మారులు, ఒక్కొక్క మారు నాలుగు గంటలు. ఆ యంత్రములు చాలకాలము విశాఖపట్నములోనే ఉండినవి. సోంపేట నుండి అది 200 కిలోమీటర్లకు పైమాటే. మేము కలిసికొనిన ఒక కుటుంబములో భర్త జీడి తోటలో కూలి. రైలెక్కి వెళ్లి వచ్చుటకు ఇద్దరికి రెండు దినముల కూలి పోవును. ఆరోగ్యశ్రీ కార్డు చికిత్సకు డబ్బు ఇచ్చినది. ప్రయాణపు ఖర్చులకు, కూలికి ఇయ్యలేదు. మొదట మేకలు అమ్మిరి, తరువాత అప్పు చేసిరి. చివరకు వారమునకు ఒక్కసారే వెళ్లసాగిరి. "ఈ వారము నాకు బాగానే ఉన్నదే" అని ఆయన అనెడివాడట. అది అబద్ధమని ఆమెకు తెలియును. అయినను ఊరకుండెనట. ఆ మాట చెప్పునప్పుడు ఆమె మా ముఖములు చూడలేదు.

తరువాతి యేండ్లలో ఆ చుట్టుపట్ల డయాలసిస్ కేంద్రములు వచ్చినవి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల మూత్రపిండ వ్యాధుల ఆసుపత్రి, పరిశోధన కేంద్రము ప్రారంభమైనవి. సుమారు 700 కోట్ల రూపాయల మంచినీటి పథకము కూడ ఆనాడే మొదలైనది. సంతోషమే. అయితే అంతవరకు పోయినవారి లెక్క ఎవరు చూతురు?

అదే సోంపేటలో కెనడా బాప్తిస్టు మిషను వైద్యుడు డాక్టర్ బెన్ గలిసన్ వేలమందికి కంటి ఆపరేషన్లు చేసినారు. ఆ పనికి కావలసిన ధనము కొరకే 1963లో కెనడాలో ఆపరేషన్ ఐసైట్ సంస్థ పుట్టినది. కన్నుకు దగ్గరైన వైద్యము మూత్రపిండమునకు దూరమగుట విచిత్రము కాదా? అక్కడ ఒకరు కూర్చుండి పని చేయుటయే అసలు సంగతి.

ఇది క్రొత్త సంగతి కాదు. స్వాతంత్ర్యమునకు ముందే, 1946లో, భోర్ కమిటీ పల్లెలకు వైద్యము చేరవలెనని నివేదిక ఇచ్చెను. మైదానములలో 30,000 మందికి, కొండ ప్రాంతములలో 20,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రముండవలెనని తరువాత లెక్క ఏర్పడినది. కాగితము మీద లెక్క న్యాయముగానే ఉన్నది. ఫలితము చూడుడి: 2020 సంవత్సరపు నమూనా నమోదు లెక్కలలో, పుట్టిన వేయిమంది శిశువులలో కేరళలో ఆరుగురు ఏడాది నిండకముందే చనిపోగా, మధ్యప్రదేశ్‌లో 43 మంది చనిపోయినారు. ఒకటే దేశము, ఒకటే రాజ్యాంగము.

1971లో జూలియన్ ట్యూడర్ హార్ట్ అను వేల్సు దేశపు వైద్యుడు ఈ సంగతినే ఒక సూత్రముగా వ్రాసెను. వైద్యము ఎక్కడ ఎక్కువ అవసరమో అక్కడ తక్కువగా దొరకును. అది బజారు సరుకైనకొలది ఈ తేడా పెరుగును. ఆయన తన దేశమును గూర్చి వ్రాసినను, మన ఏజెన్సీ గ్రామములలో గర్భిణీ స్త్రీని డోలీలో మోసికొని వచ్చువారికి అది చదువకయే తెలియును.

వైద్యులు పల్లెలలో నిలువరని నిందించుట సులభము. ఉండుటకు ఇల్లు లేదు, బిడ్డలకు బడి లేదు, మందుల గది ఖాళీ. అయినను మన ఇండ్లలో జరుగునది ఒప్పుకొందము. మన పిల్లవానికి మెడిసిన్ సీటు రావలెనని ఉపవాస ప్రార్థనలు చేయుదుము, వచ్చిన తరువాత హైదరాబాదో అమెరికానో అందుము. పాడేరు అన్నచో తల్లి కన్నీరు పెట్టును. డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో అమెరికా నుండి గుంటూరునకు వచ్చినప్పుడు ఆమె తల్లి ఏమనెనో!

శతజయంతి నిధిలో ముఖద్వారపు కమానుకు, పాలరాతి ఫలకమునకు సొమ్ము కేటాయించినారని వింటిమి. అందులో కొంతతో విశాఖలో రోగుల వెంట వచ్చువారు రాత్రి తలదాచుకొనుటకు రెండు గదులు అద్దెకు తీసికొనవచ్చును. ఒక ఏడాది అద్దె, వంట సామాను, ఒక కావలి మనిషి జీతము - అంచనా కాగితము కార్యదర్శిగారికి అందజేసినాము. రేపటి వ్యవహారముల సభలో అది చర్చకు రానున్నది.