ఎదుటివానికి మతి లేదనుట

(మన సంఘ వార్షిక మహాసభలో రెండవనాటి ఉదయమున గావించిన ఉపన్యాసము)



ఈ సభలో నాలుగు మాటలు చెప్పుమని ఆహ్వానసంఘమువారు నన్ను కోరినప్పుడు, విద్యార్థి వసతిగృహమును గూర్చియో, వివాహవ్యయమును తగ్గించుటను గూర్చియో నేను ప్రసంగింతునని వారు తలంచియుందురు. ఆ విషయములపై నాకంటె సమర్థులు నిన్ననే మాటలాడిరి. కావున నేను వేరొక విషయము నెన్నుకొంటిని. అది మన సంఘపు నిబంధనావళిలో లేదు. కాని మన యిండ్లలో నున్నది. రాజకీయములందు మనతో నేకీభవింపనివానిని “వీనికి మతి చలించినది” అని త్రోసివేయు నలవాటే నేటి నా ప్రసంగమునకు విషయము.

మన సభ్యులు రెండు తెలుగు రాష్ట్రములందును, విదేశములందును గలరు. ఒక్క కుటుంబములోనే రెండు మూడు రాజకీయపక్షములవారున్నారు. ఇది దోషము కాదు. ఒక కులమున బుట్టినంత మాత్రమున నందరును ఒక్క పక్షమునకే ఓటు వేయవలెనని యే శాస్త్రమునను లేదు. దోషము వేరొక చోట నున్నది. ఎన్నికల దినములు వచ్చుసరికి పెండ్లిపందిట ఒక బంతిని గూర్చుండుటకు అన్నదమ్ములు సందేహించుచున్నారు. వాదము వైరముగా మారుటకు ముందొక మాట పుట్టుచున్నది. ఆ మాట “పిచ్చి.”

ఈ దోషమును పరులయందు జూపుటకు ముందు నాయందే చూపెదను. 1969లో నేను గుంటూరులో కళాశాలలో చదువుచుంటిని. ఆ యేడు తెలంగాణమున ప్రత్యేకరాష్ట్రోద్యమము చెలరేగినది. మా పెద్ద బావగారు వరంగల్లులో ఉపాధ్యాయులు. ఆ ప్రాంతముననే పుట్టి పెరిగినవారు. ఆయన నాకు నాలుగు పుటల జాబు వ్రాసిరి. 1956 ఫిబ్రవరి 20వ తేదీన రెండు ప్రాంతముల నాయకులు చేసికొన్న పెద్దమనుషుల ఒప్పందము సరిగా నమలు జరుగలేదనియు, స్థానికులకు జెందవలసిన యుద్యోగములు ఇతరులకు బోవుచున్నవనియు, తెలంగాణపు మిగులు ధనము ఆ ప్రాంతమునకే వ్యయము కావలసియుండగా అట్లు కాలేదనియు మొదటి పుటలో నుండెను. నేను ఆ నాలుగు పుటలకు ఒక్క పంక్తి ప్రత్యుత్తరము వ్రాసితిని: “బావగారూ, మీ ప్రాంతమున కంతకును పిచ్చి పట్టినది, కుదిరిన పిమ్మట మాటలాడుదము.” అది నాకు మిక్కిలి చమత్కారముగా దోచినది. స్నేహితులకు జదివి వినిపించి నవ్వించితిని.

మూడేండ్లు గడచినవి. హైదరాబాదు సంస్థానములో 1919 నుండి ముల్కీ నియమము లుండెను. అక్కడి సర్కారు కొలువులు ఆ సంస్థానమున బుట్టినవారికి గాని, పదునైదేండ్లు నివసించినవారికి గాని చెందవలెనని వాని సారాంశము. ఆ నియమములు చెల్లునని 1972 అక్టోబరు 3వ తేదీన సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. అంతట కోస్తాజిల్లాలును రాయలసీమయు భగ్గుమన్నవి. మన రాజధానిలో మనమే పరాయివారమా యని ప్రశ్న పుట్టినది. “జై ఆంధ్ర” యను నినాదము వీథివీథిని మ్రోగినది. నేనును వీథిలోనికి వచ్చితిని. ప్రత్యేకరాష్ట్రము కావలెనని గొంతు చించుకొని యరచితిని. 1969లో పిచ్చియని నేను నవ్విన కోరికయే 1972లో నాకు ఆత్మగౌరవమైనది. ఆ వైపరీత్యము నాకు లేశమైనను గోచరింపలేదు.

1973 సెప్టెంబరు 21వ తేదీన ఆరు సూత్రముల పథకము ప్రకటింపబడి, ఉద్యమము చల్లారిన పిమ్మట, మరుసటి సంక్రాంతికి బావగారు మా యింటికి వచ్చిరి. భోజనానంతరమున జేబులోనుండి నా జాబును దీసి నా ముందుంచి, “ఏమోయి బావమరదీ! 1969లో మాకు పట్టిన పిచ్చి 1972లో మీకెట్లు అంటుకొన్నది? రైలులో వచ్చినదా?” అని యడిగిరి. అందరును నవ్విరి. నేను తల వంచుకొంటిని. ఆయన నవ్వు మాని, “నీవు తప్పొప్పుకొనవలెనని నేనడుగను. నేను వ్రాసిన జాబు తుదివరకు చదివితివా?” యనిరి. చదువలేదు. మొదటి పుట చదివి, తక్కినది మడచి పారవైచితిని. నేడు బావగారు లేరు. 2014 జూన్ 2వ తేదీని వారు చూడలేదు. ఆ తక్కిన మూడు పుటలలో నేమున్నదో నాకు నేటికిని దెలియదు, ఇక దెలియదు.

సోదరులారా! ముల్కీ నియమమొక్కటే. వరంగల్లులో నిలిచి చూచినవానికి అది తన బిడ్డ యన్నమునకు రక్ష. గుంటూరులో నిలిచి చూచినవానికి అది తన బిడ్డ కడ్డుగా బెట్టిన గడియ. ఇద్దరికిని బుద్ధి యున్నది. నిలిచిన చోట్లు వేరు. తెలంగాణమును కొంతకాలము ప్రత్యేకముగా నుంచి, 1961 ప్రాంతపు ఎన్నికల పిమ్మట అక్కడి శాసనసభలో మూడింట రెండువంతుల సమ్మతి యున్నచో కలుపవచ్చునని రాష్ట్రముల పునర్విభజన సంఘము 1955లోనే సూచించియుండెను. దేశములోని పెద్దలు కూర్చుండి విచారించిన ప్రశ్నను, పదునాలుగేండ్లకు నేను ఒక్క మాటతో పిచ్చియంటిని. ఆ రెండు ఉద్యమములలోను కాల్పులు జరిగి ప్రాణములు పోయినవి. ఆ తల్లుల యెదుట నా చమత్కారము నిలుచునా?

ఈ మాటపై మన కింత మక్కువ యేల? నాకు మూడు కారణములు దోచుచున్నవి. మొదటిది, అది ప్రత్యుత్తరమిచ్చు శ్రమను తప్పించును. కారణము చెప్పినవానికి కారణముతో బదులు చెప్పవలెను, పిచ్చివానికి బదులక్కరలేదు. రెండవది, అది మనలను మనము పరీక్షించుకొను బాధను తప్పించును. బుద్ధిమంతుడు మన మాట కాదన్నచో మన యందే లోపమున్నదేమో యని సందేహింపవలసి వచ్చును. కాదన్నవాడు పిచ్చివాడైనచో మన నమ్మకము చెక్కుచెదరదు. మూడవది మిక్కిలి యపాయకరము. బుద్ధిగలవానితో సంధి చేసికొందుము. పిచ్చివానితో సంధి లేదు, సంకెలయే యుండును. మాట యింతటితో నాగుననుకొనువారికి రెండు దృష్టాంతములు చెప్పెదను.

అమెరికాలో 1964లో రిపబ్లికను పక్షము తరఫున బారీ గోల్డ్‌వాటరు అధ్యక్షపదవికి నిలిచెను. ఆయన యభిప్రాయములు తీవ్రములు. ఆయన మాటలవలన అణుయుద్ధము వచ్చునని పలువురు భయపడిరి. భయపడుట తప్పు కాదు. ఆ యభిప్రాయములను ఖండించుటయు తప్పు కాదు. కాని “ఫ్యాక్ట్” అను పత్రిక 12,356 మంది మానసికవైద్యులకు లేఖలు పంపి, ఈయన మనస్సు అధ్యక్షపదవికి తగియున్నదా యని యడిగినది. 2,417 మంది బదులు వ్రాసిరి. అందు 1,189 మంది తగడనిరి. 657 మంది తగుననిరి. 571 మంది మాత్రము, తగినంత దెలియక చెప్పజాలమనిరి. ఆ రోగిని పరీక్షించి చెప్పిన అభిప్రాయములు కావవి. తమకు గిట్టని రాజకీయమునకు వైద్యభాషలో నొక పేరు పెట్టిరి. గోల్డ్‌వాటరు ఎన్నికలో ఓడెను; కాని పత్రికపై దావా వేసి 1968లో గెలిచెను. డెబ్బదియైదు వేల డాలర్లు శిక్షారూపమున చెల్లింపవలసినదని తీర్పయినది. 1973లో ఆ దేశపు మానసికవైద్యుల సంఘము, స్వయముగా పరీక్షింపకయు సమ్మతి పొందకయు ప్రజాజీవనమున నున్నవారి మనస్సును గూర్చి వైద్యాభిప్రాయము ప్రకటించుట అధర్మమని నియమించినది. ఆ మరుసటి యేడు, 1974 ఆగస్టులో, అధ్యక్షుడు నిక్సను వద్దకు వెళ్లి, నీకు శాసనసభలో బలము పోయినదని నిర్మొగమాటముగా దెలిపిన స్వపక్షపు ముగ్గురిలో నొకడు ఈ గోల్డ్‌వాటరే.

రెండవది సోవియట్టు దేశమున జరిగినది. ప్యోత్ర్ గ్రిగొరెంకో యను సేనాని, 1944లో స్వస్థలమునుండి వెడలగొట్టబడిన క్రిమియా తాతారుల పక్షమున మాటలాడెను. 1969లో ఆయనను తాష్కెంటులో నిర్బంధించిరి. అక్కడి వైద్యులు పరీక్షించి మనస్సు స్వస్థముగా నున్నదనిరి. ఆ మాట ప్రభుత్వమునకు రుచింపలేదు. మాస్కోలోని సెర్బ్‌స్కీ సంస్థకు బంపగా, అక్కడివారు పిచ్చియనిరి. 1974 వరకు ఆయనను మానసిక చికిత్సాలయములలో నిర్బంధించిరి. 1979లో అమెరికా వైద్యులు పరీక్షింపగా మనోవ్యాధి జాడ కనబడలేదు. పెండ్లిపందిట మన నోట వెడలిన మాట, అధికారము చేతనున్నవాని నోట వెడలినచో తాళము వేసిన గది యగును.

మన దేశపు శాసనకర్తలు ఈ యపాయమును గుర్తించిరి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, రాజకీయస్థితిని బట్టి గాని, తన సంఘమున నెల్లరును నమ్ము రాజకీయ, సాంఘిక విలువలకు వేరుగా నడచుటను బట్టి గాని, మనోవ్యాధి యని నిర్ణయింపరాదని స్పష్టముగా జెప్పుచున్నది. చట్టము వైద్యుని నోటికి వేసిన కట్టును మన నోటికి మనమే వేసికొనవలెను. మరియొక మాట. నిజముగా మనోవ్యాధితో బాధపడువారు మన కుటుంబములలోను గలరు. వారి బాధను మనము తిట్టుగా వాడుకొనుట వారికి చేయు నపచారము.

“మేము చదువుకొన్నవారము, మాకీ దోషము లే”దని కొందరనవచ్చును. 2013లో అమెరికాలో డాన్ కహాను మొదలగు పండితులు 1,111 మందిపై నొక పరీక్ష జరిపిరి. చర్మపు మందును గూర్చిన లెక్క యని యొక పట్టిక నిచ్చినప్పుడు, గణితము బాగుగా వచ్చినవారు సరిగా జెప్పిరి. అవే యంకెలను తుపాకుల నిషేధమును గూర్చిన లెక్క యని యిచ్చినప్పుడు, ఫలితము తమ పక్షమున కనుకూలమైనచో సరిగాను, ప్రతికూలమైనచో తప్పుగాను జెప్పిరి. ఈ భేదము గణితము రానివారిలో కంటె వచ్చినవారిలోనే హెచ్చుగా గనబడినది. తెలివి దీపమే, కాని దానిని తన పక్షమువైపునకే త్రిప్పుకొనువాడు చీకటిలోనే యుండును.

అట్లని అందరి మాటలును సమానమే యని నేననుట లేదు. అసత్యమును అసత్యమనుడు, లెక్క తప్పినచో తప్పినదనుడు, లంచగొండిని లంచగొండి యనుడు, ఋజువు చూపి యనుడు. మన న్యాయశాస్త్రకారులు వాదము, జల్పము, వితండ యని కథను మూడు విధములుగా విభజించిరి. సత్యనిర్ణయమునకై జరుగునది వాదము. గెలుపే ప్రయోజనముగా గలది జల్పము. తనకంటు ఒక పక్షము లేక యెదుటివానిని ఖండించుటయే పనిగా గలది వితండ. వారు హేత్వాభాసము లని దోషములను లెక్కించిరి. అవి హేతువునందలి దోషములు. మనిషి మతియందలి దోషములు కావు. పరాజయమును సూచించు నిగ్రహస్థానములలో “అననుభాషణ” మనునది యొకటి గలదు. ఎదుటివాడు ముమ్మారు చెప్పినదియు, సభ గ్రహించినదియు నగు మాటను తిరిగి చెప్పలేకపోవుటయే ఓటమి యని దాని యర్థము. ఈ ధర్మము ననుసరించి చూచినచో, 1969లో ఓడినవాడను నేనే.

కావున ఈ మహాసభకు మూడు మనవులు చేయుచున్నాను. మన సభలలో ఎవ్వరేని ఒక తీర్మానమును ఖండింపదలచినచో, ముందుగా దానిని ప్రతిపాదించినవాని కారణములను తమ మాటలతో జెప్పి, “నా యభిప్రాయ మిదియే” యని యాతనిచే ననిపించుకొని, పిమ్మట ఖండింపవలెను. మన సంఘపత్రికలో ఎవ్వరి బుద్ధిని గూర్చియు, మతిని గూర్చియు నిందావాక్యములను అచ్చు వేయరాదు. వారి మాటలను, చేతలను ఎంత గట్టిగా విమర్శించినను వేయవచ్చును. ఈ యేడు మాటలు మానిన బంధువు మీకొక్కడున్నచో, ఈ పందిరి విడిచి వెళ్లుటకు ముందే అతని యొద్దకు బోయి, “నీవేల అట్లు తలంచుచున్నావో తుదివరకు చెప్పుము, వినెద” నని యడుగవలెను. ఒప్పుకొనుమని నేను గోరను. వినుమని మాత్రమే కోరుచున్నాను.

మన పూర్వులు ఈ సంఘమును మన పిల్లల చదువుకొరకును, ఆపదలో నొకరి కొకరు నిలుచుటకొరకును స్థాపించిరి. ఏ పక్షము గెలిచినను ఆపద వచ్చినప్పుడు తలుపు తట్టవలసినది మన బంధువు నింటిదే. ఆ తలుపు మూయబడకుండ జూచుకొనుడు. నాకు వచ్చిన నాలుగు పుటలలో మూడింటిని నేను చదువక పోగొట్టుకొంటిని. మీకు వచ్చినవానిని మీరు తుదివరకు చదువుడు.